చెక్ క్రియ ‘స్కజిత్’: ఇంగ్లీషులో ఎప్పుడు స్పాయిల్, ఎప్పుడు రూయిన్, ఎప్పుడు రెండూ కాదు

‘చెడపకురా చెడేవు’ అన్న సామెతలో ఒకే మాట రెండు వేషాల్లో కనిపిస్తుంది. మొదటిది ఇంకొకరిని చెడగొట్టడం, రెండోది తానే చెడిపోవడం. ఈ తేడా మనకెవరూ నేర్పక్కర్లేదు, చిన్నప్పటి నుంచి నోటికి అలవాటే. చెక్ భాషలో ‘స్కజిత్’ అనే క్రియ ఉంది, చెడగొట్టు, పాడుచేయు అని అర్థం. ప్రాగ్‌లోనో బ్ర్నోలోనో చదువుకుంటున్న మనవాళ్ళు దాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు తడబడేది సరిగ్గా ఈ తేడా దగ్గరే. చెక్ నుంచి నేరుగా ఇంగ్లీషులోకి దూకేసి, డిక్షనరీలో మొదట కనిపించిన ‘స్పాయిల్’ని అన్నిచోట్లా పెట్టేస్తారు. నేను చెప్పేది ఒకటే: ఇంగ్లీషుకు వెళ్ళే ముందు ఒక్క క్షణం తెలుగులో ఆగండి. ఇంగ్లీషు దాచేసే తేడాలు చాలావరకు తెలుగులో పైకే కనిపిస్తాయి.

హాస్టల్‌లో నా మొదటి వేసవిలో జరిగింది చెప్తాను. పొద్దున వండిన అన్నం సాయంత్రానికి పాచి వాసన కొట్టింది. కిచెన్‌లో ఉన్న చెక్ అమ్మాయితో ‘స్కజిల సెమ్ రీఝి’ అన్నాను. అన్నం పాడైందని చెప్పాననుకున్నా. తనేమో ఉప్పెక్కువైందా, మెత్తగా ఉడికిపోయిందా అని అడిగింది. నేను అన్న మాటకు ‘అన్నం నేను చెడగొట్టాను’ అని అర్థం, అంటే వండటంలో తప్పు చేశానని. అనాల్సింది ‘రీఝె సె స్కజిల’. ఆ చిన్న ‘సె’ లేకపోయేసరికి తప్పు వేడి మీద నుంచి నా మీదకు వచ్చింది. ఈ క్రియను నేను పట్టించుకోవడం మొదలుపెట్టింది ఆ రోజే.

మొదటి అడుగు: మాటను సరిగ్గా పట్టుకోండి

రాసేటప్పుడు జెడ్, కే, ఏ, జెడ్, ఐ, టీ. పలికేటప్పుడు మొదటి జెడ్ తర్వాత ‘క’ ఉంది కాబట్టి అది ‘స్’ అయిపోతుంది, అందుకే ‘స్కజిత్’. చెవికి ‘స్’ వినపడిందని డిక్షనరీలో ఎస్ దగ్గర వెతికితే దొరకదు.

దీని జంట ‘కజిత్’. పని సాగుతూ ఉంటే లేదా అలవాటుగా జరుగుతుంటే కజిత్, ఒకసారి జరిగి ముగిసిపోతే స్కజిత్. ‘పొకజిత్’ అని ఇంకోటి ఉంది, అదీ ముగిసిన పనికే.

ఒక్క చిక్కుంది. విశేషణంగా మారినప్పుడు మధ్యలో ఉన్న జెడ్ మీద చిన్న కొక్కెం వచ్చి శబ్దం మారుతుంది. ఇంగ్లీషులో ‘ప్లెజర్’ అన్నప్పుడు మధ్యలో వినిపిస్తుందే, ఆ శబ్దం. దాన్ని ఇక్కడ ‘ఝ’తో రాస్తున్నాను. అలా స్కజిత్ నుంచి వచ్చేది ‘స్కఝెనీ’, అంటే చెడిపోయిన. కొక్కెం ఉన్న రూపం చూసి అదేదో వేరే మాట అనుకోకండి.

రెండో అడుగు: సె ఉందా, సి ఉందా, ఏదీ లేదా

మొత్తం పనిలో సగం ఇక్కడే అయిపోతుంది, కాబట్టి నిదానంగా చూద్దాం.

ఏదీ లేకపోతే తెలుగులో ‘పాడుచేయు’. ‘పొచసీ నామ్ స్కజిలొ వీలెత్’: వాతావరణం మా ట్రిప్‌ను పాడుచేసింది. ఇంగ్లీషులో ‘ద వెదర్ రూయిన్డ్ అవర్ ట్రిప్’, లేదా కాస్త మెత్తగా ‘స్పాయిల్డ్’.

‘సె’ ఉంటే ‘పాడైపోవు’. ‘మసొ సె స్కజిలొ’: మాంసం పాడైపోయింది. ఇక్కడ ఇంగ్లీషులో ‘గో’ వస్తుంది. ‘ద మీట్ హాజ్ గాన్ ఆఫ్’ అని బ్రిటన్‌లో, ‘గాన్ బ్యాడ్’ అని అమెరికాలో ఎక్కువగా అంటారు. ‘పొచసీ సె స్కజిలొ’ అంటే వాతావరణం పాడైంది, అక్కడ ‘ద వెదర్ టర్న్డ్ బ్యాడ్’. స్పాయిల్ అక్కడ అస్సలు అతకదు.

‘సి’ ఉంటే ‘పాడుచేసుకొను’. ‘స్కజిల్ సెమ్ సి ఝలుదెక్’: కడుపు పాడుచేసుకున్నాను. మన ‘కొను’ చేసే పనే చెక్‌లో ‘సి’ చేస్తుంది, పని చేసేదీ తనే, ఫలితం అనుభవించేదీ తనే. ఇంగ్లీషులో దీనికి ప్రత్యేకమైన గుర్తేమీ లేదు, ‘మై’ అనే మాటలో సర్దేస్తారు: ‘ఐ అప్‌సెట్ మై స్టమక్’. కళ్ళు పాడుచేసుకున్నాడు, పేరు చెడగొట్టుకున్నాడు, జీవితం నాశనం చేసుకున్నాడు, అన్నిటికీ చెక్‌లో ‘స్కజిత్ సి’ నడుస్తుంది. ఇంగ్లీషులో మాత్రం కళ్ళకు, పేరుకు, జీవితానికి ‘రూయిన్’, కడుపుకు ‘అప్‌సెట్’, భోజనానికి ముందు చిరుతిళ్ళు తిని ఆకలి చంపుకుంటే ‘స్పాయిల్’.

చేయు, పోవు, కొను. ఈ మూడూ మనకు రోజూ వాడే మాటలు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు సె, సి తేడా దగ్గర చాలా కష్టపడతారు, ఎందుకంటే వాళ్ళ క్రియ రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. మనకు ఆ కష్టం లేదు. ఇంత మంచి ఆసరా చేతిలో పెట్టుకుని వాడకపోవడం నాకు నిజంగా బాధగా అనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. ఈ సె, సి క్రియ పక్కనే ఉండాలని లేదు, మామూలుగా వాక్యంలో రెండో స్థానంలో కూర్చుంటాయి. ‘మసొ సె ఫ్ తొమ్ హొర్కు జ యెదినీ దెన్ స్కజిలొ’, అంటే ఆ ఎండకి మాంసం ఒక్క రోజులోనే పాడైపోయింది. సె ఎక్కడుందో, క్రియ ఎక్కడుందో చూడండి! క్రియ కనపడగానే దాని పక్కన వెతక్కుండా, వాక్యం మొదలుకు వెళ్ళి మొదటి మాట తర్వాత ఏముందో చూడాలి. ఎదుటివాళ్ళతో ‘నువ్వు’ అని, జరిగిపోయినదాని గురించి మాట్లాడేటప్పుడు ఇవి ‘సెస్’, ‘సిస్’ అని అతుక్కుపోతాయి కూడా. ‘స్కజిల సిస్ ఝలుదెక్’ అంటే నువ్వు కడుపు పాడుచేసుకున్నావు, ఆడపిల్లతో అన్నది.

మూడో అడుగు: చెడింది ఏమిటి?

చెక్‌లో ఒక్క క్రియ సరిపోయిన చోట ఇంగ్లీషు వస్తువును బట్టి మాట మారుస్తుంది. ఇది మనకు వింతేమీ కాదు. పాలు విరుగుతాయి, అన్నం పాచిపోతుంది, పండు కుళ్ళుతుంది, గుడ్డు మురుగుతుంది, అన్నిటినీ కలిపి ‘పాడైంది’ అనొచ్చు. ఇంగ్లీషూ అంతే. పాలైతే ‘సవర్’ లేదా ‘టర్న్’, గుడ్డు ‘రాటెన్’, వెన్న ‘రాన్సిడ్’, మాంసం, చేపలు ‘ఆఫ్’. చెక్‌లో కూడా పులిసిన పాలకు, బూజు పట్టిన రొట్టెకు వేరే మాటలున్నాయి, కానీ స్కజిత్ సె అన్నా తప్పులేదు.

తిండి సంగతి వచ్చింది కాబట్టి, సూపర్ మార్కెట్ ప్యాకెట్ల మీద రెండు రకాల తేదీలుంటాయి. ‘స్పొత్ర్షెబుయ్‌తె దొ’ అంటే ఈ తేదీలోపు వాడేయాలి, ఇంగ్లీషులో ‘యూజ్ బై’. ‘మినిమాల్న్యీ త్ర్వన్లివొస్త్ దొ’ అంటే ‘బెస్ట్ బిఫోర్’. రెండోది దాటినంత మాత్రాన సరుకు స్కఝెనీ అయిపోయినట్టు కాదు, చూసి, వాసన చూసి తినొచ్చు. మొదటిది దాటితే మాత్రం పారేయండి.

పళ్ళ దగ్గర ‘త్సుకర్ కజీ జుబి’ అంటారు, చక్కెర పళ్ళను పాడుచేస్తుందని. ఇంగ్లీషులో ‘షుగర్ రాట్స్ యువర్ టీత్’. పాడైన పంటిలో ఉండే దాని పేరు ‘జుబ్న్యీ కస్’, పిప్పి పన్ను జబ్బు, ఇంగ్లీషులో ‘టూత్ డికే’. డెంటిస్ట్ నోట ‘కస్’ అని వినపడితే ఇదే. రాతలో చివర జెడ్ ఉంటుంది. ఈ క్రియ కుటుంబంలోదే.

పరీక్ష, ఇంటర్వ్యూ, ఛాన్స్ లాంటివి చెడగొట్టుకుంటే స్పాయిల్ అనకండి. ‘స్కజిల్ సెమ్ తొ’ అని చెక్‌వాడు అంటే ‘ఐ మెస్డ్ ఇట్ అప్’ లేదా ‘ఐ బ్లూ ఇట్’. వంటో, చెక్కపనో, రిపేరో సరిగ్గా రాక చెడగొడితే ‘బాచ్’ చక్కగా సరిపోతుంది. వాలీబాల్‌లో ‘స్కఝెనే పొదాన్యీ’ అంటే సర్వ్ పోవడం, ఇంగ్లీషులో ‘సర్వీస్ ఎర్రర్’.

మూడ్, సంతోషం, సర్‌ప్రైజ్, ఇవి స్పాయిల్‌కు సొంత ఇల్లు. ‘నెకస్ మి రదొస్త్’ అంటే నా సంతోషం పాడుచేయకు, ‘డోంట్ స్పాయిల్ మై ఫన్’. ఒక మంచి బొమ్మలోనో భవనంలోనో చిన్న లోపం మొత్తం అందాన్ని తగ్గిస్తే ‘మార్’, కానీ అది రాత భాషలో మాట, మాట్లాడేటప్పుడు అంటే బరువుగా ఉంటుంది.

ఇక మనిషి గుణం. ‘పెన్యీజె కజీ ఖరక్తెర్’ అని చెక్‌వాళ్ళు అంటారు, డబ్బు మనిషి గుణాన్ని చెడగొడుతుందని. ఇక్కడ ఇంగ్లీషులో ‘కరప్ట్’. సోక్రటీసు మీద మోపిన నేరాల్లో ఒకటి యువతను చెడగొట్టడం, చెక్‌లో అదీ కజిత్‌తోనే చెప్తారు, ఇంగ్లీషులో ‘కరప్టింగ్ ద యూత్’. స్పాయిలింగ్ ద యూత్ అంటే కుర్రాళ్ళకు మిఠాయిలు పంచినట్టుంటుంది.

పిల్లల దగ్గర తెలుగు కూడా కాపాడదు

మధ్యలో తెలుగులో ఆగండి అని చెప్పాను కదా, ఆ సలహా పనిచేయని చోటు ఒకటుంది, అదీ చెప్పాలి. మనం ‘గారాబం చేసి పిల్లాణ్ణి చెడగొట్టారు’ అంటాం. ఇంగ్లీషులోనూ దానికి స్పాయిల్ అనే అంటారు. రెండు భాషలూ ఒకటే చెప్తున్నాయి కాబట్టి చెక్‌లో కూడా స్కజిత్ అనేయాలనిపిస్తుంది. అనకండి. గారాబంతో చెడగొట్టడానికి చెక్‌లో వేరే క్రియ ఉంది: ‘రొజ్మజ్లిత్’. అమ్మమ్మ ముద్దు చేసిన మొండి పిల్లాడు ‘రొజ్మజ్లెనీ’, ఇంగ్లీషులో ‘స్పాయిల్డ్’. అదే పిల్లాణ్ణి ‘స్కఝెనీ’ అంటే దురలవాట్లు పట్టి, మనసే చెడిపోయినవాడని, ఇంగ్లీషులో ‘డిప్రేవ్డ్’ దాకా వెళ్తుంది. ఎవరి బిడ్డనో చూసి నవ్వుతూ స్కఝెనీ అంటే ఆ తల్లి ముఖం మాడిపోతుంది. చెక్ నుంచి ఇంగ్లీషుకు వచ్చేటప్పుడూ అంతే: పిల్లల పక్కన స్కఝెనీ కనపడితే స్పాయిల్డ్ అని రాయొద్దు, అర్థం తేలికైపోతుంది.

నాలుగో అడుగు: ‘మి’ ఎక్కడికి పోయింది?

‘స్కజిల్ మి వెచెర్’. మాటకు మాట చూస్తే ‘నాకు సాయంత్రాన్ని చెడగొట్టాడు’. ఆ ‘మి’ చెక్‌వాళ్ళ లెక్కలో మూడో విభక్తి. ఇంగ్లీషులో ‘హి స్పాయిల్డ్ మీ’ అని రాస్తే వాక్యం మొత్తం తిరగబడిపోతుంది, నన్ను గారాబం చేశాడని వస్తుంది! కావలసింది ‘హి రూయిన్డ్ మై ఈవెనింగ్’, లేదా ‘స్పాయిల్డ్ ద ఈవెనింగ్ ఫర్ మీ’.

బడిలో విభక్తులు వల్లె వేసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది: కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్, షష్ఠీ విభక్తి. మన వ్యాకరణం ‘నాకు’లోని కు-ను, ‘నాయొక్క’లోని యొక్క-ను ఒకే గదిలో కూర్చోబెట్టింది. చెక్‌లో ‘నాకు’ అన్నది ఇంగ్లీషులో ‘నా’ అవుతుంటే మనకు ఆశ్చర్యం కలగకూడదు.

ఐదో అడుగు: కాలం

చెక్‌లో ముగిసిన పనిని చెప్పే క్రియకు వర్తమానం ఉండదు, వర్తమానంలా కనిపించేది భవిష్యత్తు. ‘స్కజీ తొ’ అంటే చెడగొడతాడు, రేపు. ‘కజీ తొ’ అంటే ఇప్పుడు చెడగొడుతున్నాడు, లేదా ఎప్పుడూ చెడగొడుతూనే ఉంటాడు. తెలుగులో ‘చెడగొడతాడు’ అలవాటుకీ వస్తుంది, రేపటికీ వస్తుంది, అందుకని ఇక్కడ జాగ్రత్త. ఇంగ్లీషులో మొదటిది ‘హిల్ రూయిన్ ఇట్’, రెండోది ‘హీజ్ రూయినింగ్ ఇట్’ లేదా ‘హి రూయిన్స్ ఇట్’. గతంలో ‘కజిల్’ వస్తే ‘కెప్ట్ స్పాయిలింగ్’ అని రాస్తే ఆ సాగదీత అర్థమవుతుంది.

వద్దని చెప్పేటప్పుడూ తేడా ఉంది. ‘నెకస్ తొ’ అంటే ఇప్పుడు చేస్తున్న ఆ పాడుపని ఆపు అని. ‘నెస్కస్ తొ’ అంటే పొరపాటున చెడగొడతావేమో, చూసుకో అని హెచ్చరిక, ఇంగ్లీషులో ‘డోంట్ మెస్ దిస్ అప్’. ఇంటర్వ్యూకి వెళ్తున్నవాడితో రెండోదే అంటారు.

మెషీన్లు, ఫోన్లు, మన ఇంగ్లీషు

మనవాళ్ళకు ఒక అలవాటు ఉంది, ఫోన్ స్పాయిల్ అయింది, హెల్త్ స్పాయిల్ అయింది అంటాం. ఇంట్లో అలా మాట్లాడుకుంటే ఏ ఇబ్బందీ లేదు. అనువాదంలో మాత్రం దాన్ని లోపలికి రానివ్వకండి. చెక్‌లో ‘పొకజిత్ సె’ అని లిఫ్ట్ గురించో బండి గురించో వస్తే ఇంగ్లీషులో ‘బ్రోక్ డౌన్’. ‘త్సొ సె మూఝె పొకజిత్, తొ సె పొకజీ’, చెడిపోగలిగినది చెడిపోయే తీరుతుంది అని చెక్‌లో బాగా వినపడే మాట, ఇంగ్లీషులో మర్ఫీ సూత్రం. అక్కడ క్రియ ‘గో రాంగ్’: ఎనీథింగ్ దట్ కెన్ గో రాంగ్ విల్ గో రాంగ్.

అసలు స్పాయిల్ అన్న మాటకు లాటిన్‌లో మూలార్థం దోచుకోవడం, ఒలిచేయడం. యుద్ధంలో దోచుకున్న సొత్తును ఇప్పటికీ ‘స్పాయిల్స్’ అంటారు. విలువైనదేదో లాగేసుకున్నారన్న భావం ఆ మాటలో ఇంకా మిగిలే ఉంది, అందుకే మూడ్‌కు, సర్‌ప్రైజ్‌కు అంత బాగా అతుకుతుంది, లిఫ్ట్‌కు అతకదు. ‘రూయిన్’లో ఉన్నది కూలిపోవడం. మళ్ళీ బాగుపడే అవకాశం ఉన్నట్టుంటే స్పాయిల్, ఇక పనికిరాదన్నట్టుంటే రూయిన్ అని నేను పెట్టుకున్న లెక్క, చాలాసార్లు పనిచేసింది.

స్కజిత్ సరిపోనంత పెద్ద నష్టానికి చెక్‌లో ‘జ్నిచిత్’ ఉంది, అది ‘డిస్ట్రాయ్’. ఇంకొకరి పథకాన్ని అడ్డుకుని చెడగొడితే ‘జ్మర్ఝిత్’, ఇంగ్లీషులో ‘ఫాయిల్’ లేదా ‘థ్వార్ట్’. వీటికి స్పాయిల్ వాడొద్దు.

చుట్టాలు, చుట్టాల్లా కనిపించే పరాయివాళ్ళు

‘స్కాజ’ నిజమైన చుట్టం. వినాశనం, పతనం అని అర్థం. టైటానిక్ మునగడాన్ని చెక్‌లో టైటానిక్ ‘స్కాజ’ అంటారు, ఇంగ్లీషులో మాత్రం ‘సింకింగ్’. అదే మాట పాలు, చేపలు మోసే లారీల కాగితాల్లో కూడా ఉంటుంది, త్వరగా స్కాజకు లోనయ్యే సరుకు అని, అక్కడ ఇంగ్లీషు ‘పెరిషబుల్’. ‘కజిస్‌వ్యెత్’ ఇంకో చుట్టం, విడదీస్తే లోకాన్ని పాడుచేసేవాడు. ముట్టుకున్న వస్తువల్లా విరగ్గొట్టే మనిషి.

పరాయివాళ్ళు ఎవరంటే, వీధిలో రోజూ కనిపించేవాళ్ళే. ‘జాకస్’ అంటే నిషేధం, ‘ప్రూకస్’ అంటే గుర్తింపు కార్డు, ‘దూకస్’ అంటే రుజువు, ‘ఫ్‌స్కస్’ అంటే కబురు. వీటన్నిటి చివరా అదే కస్ ఉంది, కానీ ఇవి చెప్పడం, ఆజ్ఞాపించడం అనే అర్థమున్న ఇంకో ధాతువు నుంచి వచ్చాయి. తలుపు మీద జాకస్ అని చూసి ఏదో పాడైందనుకోకండి, లోపలికి రావద్దని రాశారు.

చివరగా, రాసింది సరిచూసుకోవడం

రూపాల గురించి సందేహముంటే చెక్ భాషా సంస్థవాళ్ళ ఆన్‌లైన్ భాషా సహాయినిలో క్రియ కొడితే అన్ని రూపాలూ వస్తాయి. అర్థాల లోతు కావాలంటే 1960 నుంచి 1971 మధ్య వచ్చిన నాలుగు సంపుటాల ప్రామాణిక చెక్ నిఘంటువు ఉంది, అదీ ఆన్‌లైన్‌లో ఉచితమే. నేను ఎక్కువగా వాడేది మాత్రం 1994లో ప్రాగ్‌లోని చార్లెస్ యూనివర్సిటీలో మొదలైన చెక్ జాతీయ కార్పస్, అంటే నిజంగా వాడిన భాషను పోగుచేసిన పెద్ద భాండాగారం. అందులో ‘ట్రెక్’ అనే పరికరం ఉంది, స్పెల్లింగ్ టీ, ఆర్, ఈ, క్యూ. చెక్ నుంచి ఇంగ్లీషు అని పెట్టి క్రియ కొట్టండి. నిజమైన అనువాదాల్లో దానికి ఏ ఇంగ్లీషు మాట ఎన్నిసార్లు వచ్చిందో వరసగా చూపిస్తుంది. మాట మీద నొక్కితే వాక్యాలు తెరుచుకుంటాయి. అక్కడ ఒక పది వాక్యాలు చదవండి, ఒక్కోదానికి ముందు తెలుగులో చేయు, పోవు, కొను ఏది వస్తుందో రాసుకుని, తర్వాత ఇంగ్లీషు వైపు చూడండి. ఒక సాయంత్రం కూర్చుంటే చాలు.

కొన్ని వాక్యాలకు ఏ లెక్కా పనిచేయదు, అలాగే గుర్తుపెట్టుకోవాలి. ఎవరి గురించైనా ‘నెస్కజీ ఝాద్నొవు లెగ్రత్సి’ అంటే, ఏ సరదానీ చెడగొట్టడు అని మాటల అర్థం, దేనికైనా సై అనే మనిషని అసలు అర్థం, ఇంగ్లీషులో ‘హీజ్ ఆల్వేజ్ గేమ్’. దుకాణంలో ధర బాగా తగ్గించి అమ్మేవాణ్ణి ధరలు చెడగొడుతున్నాడు అంటారు, ‘కజిత్ త్సెని’, ఇంగ్లీషులో ‘అండర్‌కట్’. చెక్ స్నేహితుల ఇంటికి మొదటిసారి భోజనానికి వెళ్తూ ఏం తీసుకెళ్ళాలని అడిగితే, పూలు తీసుకెళ్ళు, ‘త్యీమ్ నిత్స్ నెస్కజీష్’ అంటారు. దానితో నువ్వు చెడగొట్టేదేమీ ఉండదని. ఇంగ్లీషులో ‘యూ కాంట్ గో రాంగ్ విత్ ఫ్లవర్స్’, తెలుగులోనైతే ‘పూలు పట్టుకెళ్ళు, పోయేదేముంది’.